అయిదో మడి

మా సారుని నర్సరీల వాళ్లంతా ‘ఆకు తిప్పే సారు’ అనేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అయితే నమస్కారం పెట్టి, ఆయన చూడనప్పుడు నడుం పట్టుకునేవాళ్లు. ఆయన తనిఖీకి వచ్చాడంటే నర్సరీ మనిషి కూడా ఆయనతో పాటు గంటల తరబడి వంగి నడవాల్సిందే.

నేను ఆయన జీపు డ్రైవర్ని. తొమ్మిదేళ్లు తిప్పాను. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు.

మా ఆఫీసు వంతెనకి ఇవతల ఉంటుంది. రెండు గదులు, ఒక వరండా, ముందు లారీలు ఆగే గేటు. వంతెన దాటితే వేరే ప్రాంతం, వేరే తోటలు. ఇక్కణ్ణుంచి అక్కడికి ధాన్యం పోవచ్చు, సామాను పోవచ్చు, మనుషులు ఎలాగూ పోతారు. మొక్క పోవాలంటే మాత్రం కాగితం కావాలి. మొక్క ఒంటరిగా పోదు కదా, ఒంట్లో ఉన్న తెగులునీ, ఆకు కింద దాక్కున్న పురుగునీ వెంటేసుకుని పోతుంది. అందుకని నర్సరీ వాళ్లు వారం ముందే అర్జీ పెట్టుకోవాలి. సారు వెళ్లి ప్రతి మడీ తిరగాలి. ఆకులు వెనక్కి తిప్పి చూడాలి. అనుమానం వస్తే కోసి ల్యాబుకి పంపాలి. అంతా బాగుంటేనే సర్టిఫికెట్ మీద సంతకం. ఏ మడిలోవి, ఎన్ని మొక్కలు, ఏ తల్లి చెట్టు కొమ్మ మీది మొగ్గని, అంటే కన్నుని, తెచ్చి అంటుకట్టారు, ఎవరి తోటకి పోతున్నాయి, అన్నీ అందులో ఉండాలి. ప్రతి మొక్కకీ నంబరు వేసిన నీలం చీటీ కట్టాలి. పదిహేను రోజులు దాటితే ఆ కాగితం చెల్లదు, కథ మళ్లీ మొదటికే.

జనానికి ఇదంతా గొంతులో వెలక్కాయలా ఉండేది. “మనుషులకే లేని ఆరోగ్య కాగితం మొక్కలకెందుకండీ?” అని ఒక లారీ ఆయన గేటు దగ్గర గొణిగితే, “నీకు జ్వరమొస్తే నువ్వు చెప్తావు. అది చెప్పదు కదయ్యా” అన్నారు సారు.

లంచం మాట అటుంచండి, నర్సరీలో టీ కూడా తాగేవారు కాదు. “లంచం తీసుకునేవాడైతే పావుగంటలో వదిలేసేవాడురా. ఈయన నిజాయితీకి నా నడుం బలైపోతోంది” అని అంటు బాబాయ్ నా దగ్గర వాపోయేవాడు.

అంటు బాబాయ్‌ది మా వైపు అందరికంటే పెద్ద నారింజ నర్సరీ. నలభై ఏళ్లుగా అంటుకడుతున్నాడు. ఎడంచేతి బొటనవేలి నిండా కత్తి గాట్లే. ఆయన కట్టిన అంట్లు వందకి రెండు కూడా పోవు. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ బాబాయే. చివరికి వాళ్లావిడ కూడా ఎవరైనా వస్తే “బాబాయ్ లోపలున్నాడు” అనేది.

ఆ రోజు బాబాయ్ నర్సరీలో చూడాల్సినవి ఆరు మళ్లు. పద్ధెనిమిది వందల మొక్కలు. మర్నాడు పొద్దున్నే లారీకెక్కి వంతెన దాటాలి. సారు తొమ్మిదింటికి మొదలుపెట్టి రెండున్నరకి నాలుగు మళ్లు ముగించారు. తనిఖీ చేసేటప్పుడు ఫోను జీపులో పడేసి వెళ్లడం ఆయన అలవాటు. అది మోగితే నేనే ఎత్తాను. సారు వాళ్ల పక్కింటావిడ.

“అమ్మగారు మేడ మెట్ల మీంచి పడిపోయారు బాబూ. లేవలేకపోతున్నారు. కాలు పక్కకి తిరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, సారుని వెంటనే రమ్మను.”

నేను మళ్ల మధ్యనుంచి పరిగెత్తి వెళ్లి చెప్పాను. సారు చేతిలో ఉన్న ఆకుని అలాగే పట్టుకుని నిలబడిపోయారు. వాళ్లకి పిల్లల్లేరు. ఆయనకి ఆవిడ, ఆవిడకి ఆయన, అంతే.

“మీరు బయల్దేరండి సార్” అన్నాడు బాబాయ్. “మిగతా రెండు మళ్లూ ఇవే కన్నులు, ఇదే మట్టి, ఇవే నీళ్లు. తేడా ఏముంటుంది? అవతల తోటల వాళ్లు గుంతలు తవ్వుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఆగితే మీరు మళ్లీ ఎప్పటికి వస్తారో, వానలు ఎప్పుడు పడతాయో.”

మోసం చేద్దామని అన్న మాట కాదది. నిజంగా అలాగే నమ్మాడు. సారు అయిదో మడి వైపు ఒక్కసారి చూశారు. దూరం నుంచి అంతా పచ్చగానే ఉంది. జీపు బానెట్ మీద కాగితం పెట్టి, పెన్ను కోసం జేబులు తడుముకున్నారు. దొరకలేదు. నాది ఇచ్చాను. ‘ఆరు మళ్లూ పరిశీలించాను, తెగులు లక్షణాలు లేవు’ అని రాసి సంతకం పెట్టి జీపెక్కారు.

దారంతా ఆయన ఒక్క మాటే అన్నారు. “రేపు లారీ బయల్దేరే లోపు వచ్చి ఆ రెండూ చూసేద్దాం.”

రేపు కుదరలేదు. అమ్మగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మూడు నెలలు మంచం. సారు సెలవు పెట్టి వంట నేర్చుకున్నారు. ఆ వంట తిని అమ్మగారు, “నాకు ఎముక విరిగితే మీరు నా నోరు కూడా విరిచేస్తున్నారు” అని నవ్వేవారు. ఆ హడావుడిలో లారీ వెళ్లిపోయింది, మొక్కలు నాటేశారు, వానలూ పడ్డాయి. ఒకసారి ఆసుపత్రి వరండాలో, “ఆ రెండు మళ్లు చూడలేదయ్యా” అన్నారు నాతో. “బాబాయ్ మొక్కలకి ఏమవుతుంది సార్” అన్నాను. తర్వాత మర్చిపోయాను.

ఎనిమిది నెలల తర్వాత, ఒక మంగళవారం పొద్దున, ఒకావిడ మా ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు, ఒళ్లో ఒక సంచి. అవతలి ప్రాంతం నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. ఇరవై ఆరేళ్లు బట్టలు కుట్టి, దుకాణం మూసేసి, ఆ కష్టంతో కాస్త నేల కొనుక్కుని నారింజ మొక్కలు పెట్టింది. వాళ్ల వైపు అందరూ ఆమెని టైలరమ్మ అంటారు. మేమూ అదే అన్నాం.

సారు లోపలికి పిలిచారు. టైలరమ్మ సంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. అందులోంచి, తోటకొకటి చొప్పున ఇచ్చే మా సర్టిఫికెట్ నకలు. మడత నలగకుండా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. తర్వాత ఫోను తీసి ఫొటోలు చూపించింది.

“ఆకులే తెద్దామనుకున్నా సారూ. కానీ దీని వెనకాల రాసుంది కదా, తెగులు అనుమానం ఉంటే ఆకు ముక్క కూడా దాటించొద్దని. అందుకని ఫొటోలు తీయించుకొచ్చా.”

ఆ కాగితం వెనక రాసింది చదివిన మనిషిని నా సర్వీసులో అంతవరకూ చూడలేదు.

సారు ఫోను కిటికీ వెలుతురులో పెట్టుకుని చూశారు. ఆకులు పచ్చ మీద పసుపు.

“మా పక్క రైతు జింకు లోపం అన్నాడు. పిచికారీ చేశా. తగ్గలేదు” అంది ఆమె. “నాకొకటి అనుమానంగా ఉంది సారూ. ఆకుని నడిమి ఈనె మీద మడిచి చూశా. ఈ పక్క మచ్చా ఆ పక్క మచ్చా కలవడం లేదు. చొక్కాకి రెండు ముందు ముక్కలూ కత్తిరించి కలిపితే గళ్లు కలవనట్టు. లోపమైతే రెండు పక్కలా ఒకేలా ఉండాలి కదా?”

నాకు అంత తెలీదు గానీ, సారు మొహం చూస్తే తెలిసిపోయింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అది మందు లేని తెగులు. ఒకసారి చెట్టుకి ఎక్కితే చెట్టు పోవాల్సిందే. ఆకు రసం పీల్చే చిన్న పురుగు దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోసుకుపోతుంది. ఈ కాగితాలూ చీటీలూ గేటూ అన్నీ పుట్టింది ముఖ్యంగా దాని కోసమే.

“నా చేతి తప్పేమైనా ఉందా సారూ?” అని అడిగింది టైలరమ్మ. “నీళ్లు ఎక్కువ పెట్టానా? నాటడం రాక ఏమైనా చేశానా? మొదటిసారి కదా, అందరూ అదే అంటున్నారు. కుట్టుమిషను తొక్కే కాళ్లకి చేనెందుకని.”

సారు సర్టిఫికెట్‌లో ఆమె వాటా చూశారు. నూట నలభై మొక్కలు. అన్నీ అయిదో మడివే.

గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కిటికీ బయటికి చూస్తున్నా. ఆయన ఏదో ఒకటి చెప్పి పంపించొచ్చు. ‘ల్యాబుకి రాస్తాం, చూద్దాం’ అన్నా సరిపోయేది. పక్క తోటల నుంచి అంటిందేమో అన్నా కాదనేవాళ్లు లేరు.

“మీ చేతి తప్పు కాదమ్మా” అన్నారు సారు. “నాది. ఈ మడి నేను చూడలేదు.”

ఆమెకి మొదట అర్థం కాలేదు. “చూశానని రాసుంది కదా?”

“రాశాను. చూడలేదు.”

టైలరమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. కోపం రావడానికి కూడా కాస్త టైము పట్టింది ఆమెకి.

“కుట్టకుండానే కుట్టేశానని బట్ట ఇచ్చినట్టా? నా దుకాణంలో అలా చేసుంటే బట్ట మొహాన కొట్టేవాళ్లు సారూ. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?”

అమ్మగారి కాలు సంగతి నా నోటిదాకా వచ్చింది. సారు నా వైపు ఒక చూపు చూశారు. మింగేశాను.

ఆ సాయంత్రమే పై ఆఫీసుకి ఉత్తరం రాశారు. నేను బతిమాలాను. “సార్, హడావుడిలో పొరపాటు అని రాయండి. ‘చూడలేదు’ అని రాయకండి. ఉద్యోగానికే ఎసరు.” పై ఆఫీసు పెద్దాయన కూడా ఫోనులో అదే చెప్పాడు. మొక్కలు పోయాక ఎనిమిది నెలలైంది, తెగులు అక్కడే అంటిందని రాస్తే ఎవరూ కాదనలేరని. సారు అంతా విని, “అప్పుడు మిగతా తోటలు వెతకరు కదండీ” అన్నారు.

అది నాకు తట్టలేదు. తప్పు ఒప్పుకోకపోతే వెతకడానికి కారణం ఉండదు. ఈలోగా పురుగు ఊరుకుంటుందా?

ఇంటికి దింపినప్పుడు అమ్మగారు చేతికర్రతో గుమ్మం దాకా వచ్చారు. సారు అక్కడే, చెప్పులు విప్పకుండానే చెప్పేశారు. ఆవిడ గోడకి ఆనుకున్నారు. “నా కాలు వల్లే కదా ఇదంతా.”

“నీ కాలు సంతకం పెట్టలేదే” అన్నారు సారు. “లోపలికి పద, నిలబడకు.”

మర్నాడు బాబాయ్ దగ్గరికి వెళ్లాం. బాబాయ్ మొదట గయ్యిమన్నాడు. నలభై ఏళ్లలో తన నర్సరీ మీద మచ్చ లేదన్నాడు. సారు తల్లి చెట్ల పుస్తకం అడిగి, అయిదో మడి దగ్గర వేలు పెట్టి, “ఈ కన్నులు ఏ చెట్టువి బాబాయ్?” అన్నారు. బాబాయ్ పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. ఆ మడికి కన్నులు చాలకపోతే బావమరిది తోటలోంచి నాలుగు కొమ్మలు తెప్పించాడు. నిజంగానే మర్చిపోయాడు. మర్చిపోయిన సంగతి గుర్తొచ్చాక నర్సరీ అరుగు మీద కూలబడ్డాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అలా ఉంది మా పరిస్థితి. పెన్ను నాది, నమ్మకం బాబాయ్‌ది, సంతకం సారుది.

అప్పుడు మాత్రం ఆ కాగితాలు పనికొచ్చాయి. అయిదో మడి మొక్కలు మూడు వందల పన్నెండు. మూడు తోటలకి వెళ్లాయి. ఏ తోటలో ఏ నంబర్లున్నాయో రిజిస్టరులో ఉంది. అవతలి ప్రాంతం అధికారి ఒకాయన మాతో కలిశాడు. వారం రోజులు తిరిగాం. ఆ మూడు తోటల్లోనూ, ఆరో మడి మొక్కలు వెళ్లిన చోట్లా ఆకులు కోసి, సంచుల్లో సీలు వేసి, ల్యాబుకి పంపాం. పది రోజులకి జవాబు వచ్చింది. ఆరో మడివి శుభ్రం. అయిదో మడి మొక్కల్లో సగానికి పైగా తెగులు. ఏది బాగుందో ఏది లేదో కంటికి తెలీదు కాబట్టి మొత్తం పీకి కాల్చమని ఉత్తర్వు.

మొదటి రెండు తోటల వాళ్లు తిట్టారు, పీకేశారు. చివరిది టైలరమ్మది.

ఆమె తోట చిన్నదే. వరసలు మాత్రం దారం పట్టి గీసినట్టు ఉన్నాయి. ప్రతి మొక్క మొదలు చుట్టూ పాత బట్ట ముక్కలు పరిచింది, తేమ ఆరకుండా. పువ్వుల గుడ్డ, చారల గుడ్డ, స్కూలు యూనిఫారం ముక్కలు. ముందు పురుగు చావడానికి మందు కొట్టించి, అది ఆరాక పీకడం మొదలుపెట్టాం. సారు చొక్కా చేతులు మడిచి కూలీలతో సమానంగా దిగారు. వద్దని ఎవరూ అనలేదు. టైలరమ్మ గట్టు మీద కూర్చుని, పీకిన ప్రతి మొక్క నుంచీ నీలం చీటీ కత్తిరించి, నంబరు చూసి, వరసలో పేర్చుకుంటూ పోయింది. ఏడవలేదు. కత్తెర చప్పుడు ఒకటే వినిపించింది.

చివర్లో లెక్క చూస్తే చీటీలు నూట ముప్ఫై తొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టాం. నూట ముప్ఫై తొమ్మిదే. డెబ్బై ఒకటో నంబరు లేదు.

“ఒకటి నాటినప్పుడే చచ్చిపోయిందేమో కదమ్మా” అన్నాడు అవతలి అధికారి.

“అవును” అంది టైలరమ్మ, చాలా తొందరగా.

సారు చేతుల మట్టి దులుపుకుని ఆమెకి కాస్త దూరంలో గట్టు మీద కూర్చున్నారు. మంట అంటించారు. పచ్చి మొక్కలు కదా, మంట కంటే పొగే ఎక్కువ. అందరి కళ్లల్లోంచీ నీళ్లు. ఎవరివి పొగ వల్లో, ఎవరివి కాదో చెప్పలేం.

కాసేపటికి టైలరమ్మే నోరు విప్పింది. “చచ్చిపోలేదు సారూ. మా అమ్మాయికిచ్చా.”

సంగతంతా చెప్పింది. ఒక్కతే కూతురు. దుకాణం చూసుకోమంటే, “నాకు నీ మిషను చప్పుడు వినీ వినీ విసుగొచ్చిందమ్మా” అని, ఇంకో ఊళ్లో మందుల షాపులో ఉద్యోగం వెతుక్కుని వెళ్లిపోయింది. ఆ మాట మీద ఇద్దరికీ మాటల్లేవు. రెండేళ్లు. కూతురు రాకపోయాక దుకాణం ఎవరి కోసమని ఈవిడ మూసేసింది. మొక్కలు లారీలోంచి దిగిన రోజు, వాటిని చూస్తే ఏమనిపించిందో ఏమో, అన్నింట్లోకీ నిటారుగా ఉన్నదాన్ని ఒకటి పట్టుకుని బస్సెక్కింది. కూతురు తలుపు తీసి, ముందు మొక్కని చూసి, తర్వాత అమ్మని చూసిందట.

“ఇప్పుడు వారానికోసారి ఫోను చేస్తుంది. కొత్త చిగురొచ్చిందమ్మా, నీళ్లు ఎన్ని పొయ్యాలమ్మా అని. వేరే మాటలు మాకు ఇంకా రావట్లేదు సారూ, మొక్క మాటలే. కాగితం వెనక రాసింది నేను చదివింది ఆకులు పసుపు పడ్డాకే. ముందే చదివి ఉంటే...” అని ఆగిపోయింది. “మిమ్మల్ని అన్ని మాటలన్నాను. నేను చేసింది మాత్రం ఏంటి?”

“రెండూ ఒకటి కాదమ్మా. చూడమని నన్ను పెట్టారు, మిమ్మల్ని కాదు” అన్నారు సారు. “ఫోను చేసి చెప్పమంటారా, వెళ్దామా?”

“వెళ్దాం. ఫోనులో చెప్పలేను.”

మర్నాడు పొద్దున్నే బయల్దేరితే పదకొండింటికి చేరాం. మూడంతస్తుల బిల్డింగు. పై వాటా. మొక్క బాల్కనీలో పెయింటు డబ్బాలో ఉంది. నడుం ఎత్తుకి పెరిగింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. డెబ్బై ఒకటో నంబరు చీటీ ఇంకా వేలాడుతోంది. కింద వాకిట్లో ఎవరివో నిమ్మ కుండీలు నాలుగు.

కూతురు ఆ రోజు సెలవు. టైలరమ్మ గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. ఆ అమ్మాయి విని, బాల్కనీకి వెళ్లి, మొక్కకి అడ్డంగా నిలబడింది.

“ఇది బాగానే ఉంది కదా. ఒక్క ఆకు కూడా పసుపు లేదు.”

సారు ఒక లేత చిగురు మెల్లగా వెనక్కి తిప్పి చూపించారు. తెల్లటి దారప్పోగుల్లాంటివి, వాటి కింద ఆవగింజలో సగం కూడా లేని పురుగులు కదులుతున్నాయి. “రేపు ఇవి రెక్కలొచ్చి కింది కుండీల్లోకి పోతాయమ్మా. అక్కణ్ణుంచి ఎక్కడికైనా. మొక్కలో తెగులు ఉందో లేదో తెలియడానికి పది రోజులు పడుతుంది. లేదని నేను మాటివ్వలేను.”

“మరి దీనికి సంతకం పెట్టి పంపించిందెవరు?”

“నేనే.”

ఆ అమ్మాయి ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. మట్టి గీతలు పడ్డ చేతులు, నిద్రలేని మొహం. సారు సంచి తెరిచి ముందుకొచ్చారు.

“మీరు ముట్టుకోకండి. అమ్మ పెట్టింది. అమ్మే తీస్తుంది.”

సారు ముందు మందు కొట్టారు. పురుగులు రాలేదాకా ఆగాం. తర్వాత టైలరమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, డబ్బాని వంచి, మొక్కని వేళ్లతో సహా మెల్లగా లాగింది. వేళ్లు డబ్బా ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. కూతురు సంచి మూతి పట్టుకుంది. లోపల పెట్టి, మూతి బిగించి, సీలు వేశాం. అంతా అయిదు నిమిషాల పని.

ఇక వెళ్లాలి. టైలరమ్మ కూతురి మొహంలోకి చూడకుండా చెప్పుల కోసం వెతుక్కుంది. “వస్తానే. మళ్లీ ఎప్పుడైనా మంచి మొక్క దొరికితే...”

“మొక్క ఉంటేనే వస్తావా?” అంది కూతురు. కోపంగానే అంది. “ఊరికే రాకూడదా? జీపు వెళ్లిపోనీ అమ్మా. రేపు బస్సెక్కుదువుగాని.”

టైలరమ్మ మా వైపు చూసింది, అనుమతి అడుగుతున్నట్టు. సారు సంచి భుజానికెత్తుకుని అప్పటికే మెట్లు దిగుతున్నారు. నేను కూడా దిగిపోయాను.

సారుకి ఆరు నెలలు సస్పెన్షన్. తర్వాత ఉద్యోగం ఇచ్చారు గానీ తనిఖీకి పంపలేదు. గేటు దగ్గర లారీల్లో చీటీలు లెక్కపెట్టే పని. తనిఖీకి కొత్త అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయిని నేనే తిప్పుతున్నాను. చురుకైంది. కానీ రోజూ సాయంత్రం గేటు దగ్గర ఆగి, సారుతో పావుగంట మాట్లాడి గానీ ఇంటికి పోదు.

బాబాయ్ తల్లి చెట్లన్నింటినీ పరీక్ష చేయించి, దోమ కూడా దూరని వల కట్టించాడు. బావమరిదితో మాట్లాడ్డం మానేశాడు. సారుతో కూడా ఏడాది దాకా మాట్లాడలేదు. ఒకరోజు గేటు దగ్గరికి వచ్చి, “టీ తాగుతారా?” అన్నాడు. సారు తాగారు. ఇప్పుడు తనిఖీ ఆయన చేతిలో లేదు కదా.

టైలరమ్మ నేల ఏడాది పైన ఖాళీగా ఉంచాలన్నారు. ఉంచింది. ఆ ఏడాది ఇంట్లోనే మిషను బయటికి తీసి మళ్లీ కుట్టింది. నెలకోసారి కూతురు వస్తోందని, చిరాకు పడుతూనే గుండీలు కుట్టి పెడుతోందని, ఒకసారి ఫోనులో చెప్పింది.

ఆ గడువు దాటాక వచ్చిన వానలకి ఆమె కొత్త మొక్కలు కొన్నది బాబాయ్ దగ్గరే. తనిఖీ రోజున తనే వచ్చి, కొత్త అధికారిణి వెనకాల మడి మడీ నడిచింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. నూట నలభై మొక్కలు వంతెన దాటాయి.

నాటే రోజు ఆదివారం. సారు నన్ను, “తోడొస్తావా?” అని అడిగారు. సొంత ఖర్చుతో, బస్సులో. మేం వెళ్లేసరికి చినుకులు పడుతున్నాయి. గుంతలు తవ్వాల్సిన ఇద్దరు మనుషులు రాలేదట. టైలరమ్మ గడప దగ్గర నిలబడి సారుని చూసింది. రమ్మనలేదు, ఎందుకొచ్చారనీ అనలేదు. లోపలికి వెళ్లి గునపం తెచ్చి ఆయన చేతికిచ్చింది. నాకు పార.

మధ్యాహ్నానికి సారు అరచేతులు బొబ్బలెక్కాయి. చెప్పలేదు గానీ, గునపం పట్టు మార్చి మార్చి పట్టుకుంటున్నారు. టైలరమ్మ గొడుగేసుకుని వరస వెంట వచ్చి, ఆయన అప్పుడే తవ్విన గుంతలోకి వంగి చూసింది.

“ఇంకో జానెడు లోతు కావాలి సారూ.”

“అలాగేనమ్మా” అని ఆయన మళ్లీ గునపం ఎత్తారు.